నాలుగో తరగతి పిల్లలకి కెన్యా కబుర్లు: పూర్వ విద్యార్థుల సెషన్ ఎలా ఉందంటే

విదేశాల్లో వాలంటీర్లుగా పనిచేసి వచ్చినవాళ్లని వాళ్లు చిన్నప్పుడు చదివిన స్కూలుకే పంపించి పిల్లలతో మాట్లాడించే కార్యక్రమం ఇది. మా దగ్గరికి ఒక అమ్మాయి, ఒక అబ్బాయి వచ్చారు. ఇద్దరూ ఐదో తరగతి దాకా మా స్కూల్లోనే చదివి, ఇప్పుడు డిగ్రీ అయ్యాక కెన్యాలో ఆరు వారాలు ఉండి వచ్చినవాళ్లు. నేను నాలుగో తరగతి టీచర్ని, గంటసేపూ వెనక బెంచీలో కూర్చుని విన్నాను. ఐదుకి నాలుగు ఇస్తాను. ఆ తగ్గిన ఒక్కటీ మొదటి పది నిమిషాల్లోనే పోయింది.

ఆ పది నిమిషాలూ పంపిన సంస్థ తయారుచేసి ఇచ్చిన స్లైడ్లు. మాసిన బట్టలతో, దిగులు మొహాలతో ఉన్న పిల్లల ఫొటోలు ఒకదాని తర్వాత ఒకటి, పైన పెద్ద అక్షరాలతో ‘మనం ఎంత అదృష్టవంతులమో’ అని. నాకు చాలా బాధేసింది. మా పిల్లల ఫొటోలు ఎక్కడో ఎవరో ఇలా చూపిస్తే నేను ఒప్పుకుంటానా? అప్పుడు మొదటి వరసలో ఉన్న అమ్మాయి లేచి, “ఆ పాప పేరేంటక్కా?” అని అడిగింది. ఆ అక్కకి తెలీదు. తెలీదనే చెప్పింది, ఒక్క క్షణం ఆగి లాప్‌టాప్ మూసేసింది. సెషన్ అసలు మొదలైంది అక్కడే.

బయటికెళ్లి పసుప్పచ్చ ప్లాస్టిక్ క్యాన్ ఒకటి తెచ్చింది, అక్కడ నీళ్లు మోసే ఇరవై లీటర్ల జెర్రీక్యాన్. కుళాయి దగ్గర నింపుకొచ్చి క్లాసు మధ్యలో పెట్టి ఎత్తమంది. ఇరవై లీటర్లంటే 20 కిలోలు, మా పిల్లల్లో చాలామంది బరువే 25 నుంచి 30 కిలోలు. ఒకడు రెండు చేతులతో పట్టుకుని లాగితే అంగుళం కూడా లేవలేదు, ఇద్దరు కలిసి ఎత్తితే ఒక పక్కకి ఒరిగి నీళ్లు పాదాల మీద పడ్డాయి, పిడి గుచ్చుకుని వేళ్ల మీద ఎర్రటి గీత పడితే దాన్ని పక్కవాడికి చూపించుకున్నారు. “మేమున్న ఊళ్లో మీ వయసు వాళ్లు స్కూల్ అయ్యాక ఐదు లీటర్లది తెస్తారు, పెద్దవాళ్లు ఇది తెస్తారు” అంది. అంతకంటే ఏమీ చెప్పలేదు, అవసరం కూడా లేకపోయింది.

అన్న చెప్పిన గడియారం సంగతి నాకూ కొత్తే. అక్కడి భాష స్వాహిలీలో గంటల్ని పొద్దు పొడిచిన దగ్గర్నుంచి లెక్కపెడతారట, మన ఏడు వాళ్లకి ఒకటి. కెన్యా మీదుగా భూమధ్యరేఖ పోతుంది కాబట్టి ఏడాదంతా సూర్యోదయం దాదాపు ఒకే వేళకి అవుతుంది, అందుకే ఆ లెక్క కుదురుతుంది. మొదటి రోజు ‘సా తాతు’కి రమ్మన్నారట, తాతు అంటే మూడు కదా అని ఈయన మధ్యాహ్నం మూడింటికి వెళ్తే వాళ్లు పొద్దున తొమ్మిది నుంచి ఎదురుచూసి వెళ్లిపోయారు. మా పిల్లలు గోడ గడియారం దింపించి ముళ్లు తిప్పి మరీ లెక్క చూసుకున్నారు. కొట్టుని వాళ్లు ‘దుకా’ అంటారనగానే వెనక నుంచి “దుకాణం!” అని ఒక కేక. అవును, అరబ్బీ మాట అటూ వెళ్లింది, ఇటూ వచ్చింది.

కిమానీ మారుగే కథకి మాత్రం క్లాసంతా నోరు తెరిచి వింది. కెన్యాలో 2003లో ప్రైమరీ చదువుకి ఫీజులు తీసేస్తే, 2004లో ఆ తాతగారు 84 ఏళ్ల వయసులో ఒకటో తరగతిలో చేరారు, యూనిఫాం వేసుకుని. గిన్నిస్ రికార్డు అది. “హోంవర్క్ ఇచ్చేవాళ్లా?” అని వెంటనే ప్రశ్న.

సింహాలు చూశారా అన్నదానికి, నైరోబీ పక్కనే ఉన్న నేషనల్ పార్కులో ఒక్కసారి చూశామని, మిగతా రోజులన్నీ ఇటుకలూ సున్నమేనని నిజం చెప్పారు. అసలు ప్రశ్న ఆ తర్వాత వచ్చింది. క్లాసు గోడలకి రంగులు వేశామని చెప్తుంటే, ఎప్పుడూ పెద్దగా మాట్లాడని పిల్లాడు ఒకడు, “అక్కడ రంగులేసేవాళ్లు లేరా అన్నా?” అన్నాడు.

నాకు గుండె దడదడలాడింది. ఆయన దాటేయలేదు. “ఉన్నారు, మాకంటే బాగా వేస్తారు. మొదటి వారం మేం వేసిన గోడ చారలు చారలుగా వస్తే అక్కడి మేస్త్రీ మళ్లీ వేశాడు. రెండో వారం నుంచి ఆయన కింద పనిచేశాం, ఆయన చెప్పిందే చేశాం” అన్నాడు. వెళ్లేముందు తమని అనాథాశ్రమానికి కూడా తీసుకెళ్తామంటే వద్దన్నామని అక్క చెప్పింది. ఆశ్రమాల్లో ఇలాంటి వాలంటీర్ కార్యక్రమాల వల్ల పిల్లలకి జరిగే హాని గురించి ఐక్యరాజ్యసమితి సాధారణ సభ 2019లో తీర్మానమే చేసింది. వారం రెండు వారాలు ముద్దు చేసి వెళ్లిపోయేవాళ్లు మారుతుంటే ఆ పిల్లలు ఎవరిని నమ్ముకోవాలి? పదేళ్ల లోపు పిల్లలకి దీన్ని భయపెట్టకుండా, “మాకు మీరంటే ఇష్టమని చెప్పి మర్నాడే మానేసే టీచర్ ఉంటే మీకెలా ఉంటుంది?” అని అడిగిన తీరు నాకు ఎంతో నచ్చింది.

మీ స్కూలుకి పిలవాలనుకుంటే స్లైడ్లు వద్దని ముందే గట్టిగా చెప్పండి, సంస్థవాళ్లు పంపినా సరే. మూడు నుంచి ఐదు తరగతుల వాళ్లకి బాగుంటుంది, ఒకటీ రెండు వాళ్లకి గడియారం లెక్క అందదు. గంటలో సగం ప్రశ్నలకే వదిలేయండి, మావాళ్లవి పదకొండు మిగిలిపోయాయి, కాగితం మీద రాసి పంపాం. క్యాన్ ఎత్తించేది మాత్రం వరండాలో పెట్టుకోండి, మా గది నేల ఆరడానికి మధ్యాహ్నం దాకా పట్టింది.