అద్దెకు తెచ్చిన ఫ్లాష్ లైట్లు, చెదిరిపోయిన పిండి ఫొటోలు

చీకటి గదిలో నర్తకి గాలిలోకి ఎగురుతూ పిండిని చల్లే క్షణాన్ని, ఒక్కొక్క రేణువూ స్పష్టంగా కనిపించేలా తీయాలని ఒక సంస్థ నుంచి రెండు ఫ్లాష్ లైట్లను ఒక రోజుకు అద్దెకు తీసుకున్నాను. పరికరాలు శుభ్రంగా ఉన్నాయి, బ్యాటరీలు పూర్తిగా ఛార్జ్ చేసి ఇచ్చారు, స్టాండ్లు దృఢంగా ఉన్నాయి. అయినా ఆ రోజు తీసిన ఫొటోలలో ఒక్కటీ పనికిరాలేదు; నర్తకి వేళ్లు మసకబారాయి, రేణువులు గీతలుగా సాగిపోయాయి.

తప్పులో పెద్ద భాగం నాదే. షటర్ 1/200 సెకను వద్ద ఉన్నా, చీకట్లో కదలికను నిలిపేది షటర్ కాదు, ఫ్లాష్ వెలిగి ఆరే వ్యవధి. నేను తీసుకున్న రకం లైట్లలో పూర్తి శక్తి వద్ద ఆ వ్యవధి ఎక్కువగా ఉంటుంది, శక్తిని తగ్గించేకొద్దీ తగ్గుతుంది; నేనేమో వాటిని పూర్తి శక్తి వద్దే వాడాను. (కొన్ని స్టూడియో లైట్లలో ఇది తలకిందులుగా ఉంటుంది కనుక ముందే అడిగి తెలుసుకోవడం అవసరం.) ఏం తీయబోతున్నారని సంస్థవారు ఒక్క మాట అడిగి ఉంటే ఆ రోజు దక్కేది, ఈ విషయంలో వారి సేవ నన్ను నిజంగా నిరాశపరిచింది.

తరువాతి వారం అవే లైట్లను తీసుకుని శక్తిని 1/16కు తగ్గించాను. అలా తగ్గిన నాలుగు స్టాపుల (ఒక్కో స్టాపుకు వెలుతురు సగమవుతుంది) వెలుతురులో రెండింటిని లైట్ల దూరాన్ని సగం చేసి, మిగతా రెండింటిని ఐఎస్ఓను, అంటే వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయిని, 100 నుంచి 400కు పెంచి రాబట్టాను. రేణువులు గాలిలో నిలిచిపోయినట్టే వచ్చాయి. రెండోసారి కూడా విసుగు లేకుండా ఎగిరిన నర్తకికి ఎంతో రుణపడి ఉన్నాను. లైట్లకు ఐదింటికి నాలుగు, సలహాకు రెండు మార్కులు ఇస్తున్నాను.