మా ఊరి సచివాలయం: కరోనాకు ముందు నుంచి ఇప్పటిదాకా

ముందే మార్కులు చెప్పేస్తాను. మా ఊరి గ్రామ సచివాలయానికి ఐదుకు మూడు. కరోనా రెండేళ్లకు విడిగా ఇమ్మంటే నాలుగు ఇస్తాను. మామూలు రోజుల్లో కంటే ఆపద రోజుల్లోనే ఆఫీసు బాగా నడిచిందంటే వింతగా ఉంటుంది కానీ, మా దగ్గర జరిగింది అదే.

మాది కోనసీమలో గౌతమి ఏటిగట్టును ఆనుకుని ఉన్న ఊరు. పేరు రాయను, రేపు మళ్లీ ఆ కౌంటర్ దగ్గరకు వెళ్లాల్సింది నేనే. ఇంట్లో వితంతు పింఛను తీసుకునే అమ్మ, కొంచెం చేను, నాలుగు కొబ్బరి చెట్లు, చదువుకునే పిల్లలు, బియ్యం కార్డు. అందుచేత ఆ ఆఫీసులో దాదాపు ప్రతి బల్లతోనూ మాకు ఏదో ఒక పని పడుతూనే ఉంది.

తెలియనివాళ్ల కోసం కొంచెం వెనక్కి వెళ్తాను. సచివాలయాలను 2019 అక్టోబరు 2న మా పక్కనే, కాకినాడ దగ్గర కరపలో ప్రారంభించారు. సుమారు 2,000 జనాభాకు ఒక ఆఫీసు. అందులో పంచాయతీ కార్యదర్శి, వీఆర్వో, సర్వేయరు, ఊరి ఆరోగ్యం చూసే ఏఎన్ఎం, ఇంజనీరింగ్ అసిస్టెంట్, వెల్ఫేర్ అసిస్టెంట్, డిజిటల్ అసిస్టెంట్, మహిళా పోలీసు, ఇలా పది, పదకొండు మంది. అంతకుముందే ఆగస్టు 15 నుంచి 50 ఇళ్లకు ఒక వాలంటీర్‌ను పెట్టారు, నెలకు 5,000 గౌరవ వేతనం. మా ఊళ్లో మొదటి ఆరు నెలలూ కుర్చీలు ఎక్కువ, పని తక్కువ. కంప్యూటర్ వస్తే ప్రింటర్ లేదు, ప్రింటర్ వస్తే నెట్ లేదు. ఆదాయ ధ్రువపత్రం కావాలంటే మండలంలో మీ సేవకే వెళ్లేవాళ్లం.

అప్పుడు ఊరికి సర్పంచ్ కూడా లేడు. ఈ సంగతి చాలామంది మర్చిపోయారు. పాత పాలకవర్గాల గడువు 2018 ఆగస్టులోనే తీరిపోయి ప్రత్యేకాధికారుల పాలన నడుస్తోంది. స్థానిక ఎన్నికలు 2020 మార్చి 15న వాయిదా పడ్డాయి. పంచాయతీ ఎన్నికలు జరిగేసరికి 2021 ఫిబ్రవరి వచ్చింది. అంటే మొదటి విడత కరోనా మొత్తం మా ఊరిని నడిపింది ఓట్లు వేయించుకున్న మనిషి కాదు, కొత్తగా ఉద్యోగంలో చేరిన పాతికేళ్ల కార్యదర్శి, ఆయన చుట్టూ ఉన్న కుర్రాళ్లు, ఆడపిల్లలు. ప్రత్యేకాధికారికి అలాంటి ఊళ్లు ఇంకా ఉన్నాయి, ఆయన వచ్చి వెళ్తుండేవారు.

ఇక పింఛను. నాకు ఈ ఆఫీసు మీద నమ్మకం కుదిరింది ఇక్కడే. ఇంటికి తెచ్చి ఇవ్వడం 2020 ఫిబ్రవరి 1న మొదలైంది. కానీ అమ్మకు అందులో కూడా ఒక తిప్పలుంది. ఆవిడ చాలా ఏళ్లు కొబ్బరి పీచు పనికి వెళ్లింది. వేళ్ల మీద గీతలు అరిగిపోయాయి, వేలిముద్ర యంత్రం ఏ వేలూ తీసుకోదు. బొటనవేలు, చూపుడువేలు, ఎడమ చెయ్యి, కుడి చెయ్యి, కొంగుతో తుడిచి మళ్లీ. అంతకుముందు పంచాయతీ ఆఫీసు దగ్గర ఇస్తున్నప్పుడు వేలు పడక సాయంత్రం దాకా కూర్చుని ఉత్త చేతులతో వచ్చిన నెలలున్నాయి.

లాక్‌డౌన్ వచ్చిన మరుసటి వారమే, ఏప్రిల్ 1న, వాలంటీర్ అమ్మాయి వచ్చింది. వేలిముద్ర వద్దన్నారు, ఫొటో చాలన్నారు అంది. ఎక్కడ తీశారో కూడా ఫొటోతో పాటు నమోదయ్యే ఏర్పాటట. "మామ్మగారూ, మాస్కు ఒక్కసారి దించి ఇటు చూడండి" అని గుమ్మం బయట నుంచే ఫొటో తీసి, 2,250 రూపాయలు అరుగు మీద పెట్టి వెనక్కి జరిగింది. రెండు నిమిషాల పని. అమ్మ నోట్లు లెక్కపెట్టుకుని, "ఇంత తేలికైన పనికి ఇన్నాళ్లూ నా వేళ్లు ఎందుకు నలిపారే?" అని అడిగింది. ఆ పిల్ల నవ్వి ఊరుకుంది. ఏం చెబుతుంది?

ఈ సమీక్షలో నేను చెప్పదలుచుకున్నది దాదాపు ఆ ప్రశ్నలోనే ఉంది. కరోనాలో బాగుపడిన ప్రతి సేవ వెనకా ఎవరో ఒక రూలు పక్కన పెట్టారు. ఆ రూలు తీసే అధికారం ఊళ్లో లేనప్పుడు, పైనా ఎవరూ తీయనప్పుడు, ఎంత మంచి సిబ్బంది ఉన్నా పని అక్కడే ఆగింది.

రేషన్ చూడండి. మార్చి 29 నుంచి ఉచిత బియ్యం, కార్డుకు కిలో కందిపప్పు మొదలుపెట్టారు. డిపో ముందు ముగ్గుపిండితో గడులు గీశారు. ఏ వీధివాళ్లు ఎన్ని గంటలకు రావాలో వాలంటీర్లు టోకెన్లు పంచారు. మొదటి విడతల్లో మా వేలిముద్రలు అడగలేదు, లైన్ చకచకా కదిలింది. తర్వాత వేలిముద్ర మళ్లీ వచ్చింది, పక్కనే శానిటైజర్ సీసాతో సహా. తడి వేలు యంత్రానికి పడదు. రాసుకోవాలి, ఆరబెట్టుకోవాలి, నొక్కాలి, పడకపోతే మళ్లీ రాసుకోవాలి. దూరం పాటించమని గీసిన గడుల్లో జనం చివరికి భుజాలు రాసుకుంటూ నిలబడ్డారు. ఏప్రిల్ 4న కార్డుకు 1,000 రూపాయల సాయం మాత్రం ఇంటికే వచ్చింది, పేచీ లేకుండా.

గల్ఫ్ నుంచి వచ్చినవాళ్ల వ్యవహారం అంత సాఫీగా జరగలేదు. కోనసీమలో కువైట్, ఖతార్, దుబాయ్ లేని వీధి ఉండదు. మార్చిలోనే వాలంటీర్లు ఇంటింటికీ తిరిగి విదేశాల నుంచి ఎవరు వచ్చారో రాసుకున్నారు, పద్నాలుగు రోజులు ఇంట్లోనే ఉండమన్నారు. పని వేగంగానే జరిగింది, ఎందుకంటే రాసుకునే పిల్ల ఆ వీధి పిల్లే, ఎవరింట్లో కొత్త సూట్‌కేసు దిగిందో ఆమెకు ముందే తెలుసు. ఇబ్బంది కూడా అదే. పేర్ల జాబితా మధ్యాహ్నానికల్లా ఊరి వాట్సాప్ గ్రూపులో తిరిగింది. తలుపు మీద నోటీసు అంటించిన ఇంటికి పాలు పోసేవాడు రావడం మానేశాడు. కువైట్‌లో ఇళ్లల్లో పనిచేసి పిల్లల్ని చదివించిన ఒక ఆవిడ, జ్వరం లేదు, దగ్గు లేదు, నెల తర్వాత కూడా చెరువు గట్టు మీద ఆవిడ వస్తుంటే జనం పక్కకు తప్పుకునేవారు. జాబితా ఎవరు బయటపెట్టారని అడిగితే ఆఫీసులో ఎవరూ నోరు విప్పలేదు. ఒక మార్కు నేను తీసేసింది ఇక్కడే. యాభై ఇళ్ల గుట్టు ఒక ఫోనులో పెట్టినప్పుడు ఆ ఫోనుకు తాళం ఎవరిదో కూడా చెప్పాలి.

పారిశుధ్యం గురించి ఎక్కువ రాయక్కర్లేదు. బ్లీచింగ్ చల్లారు, చేలల్లో మందు కొట్టే పవర్ స్ప్రేయర్లతోనే హైపోక్లోరైట్ కొట్టారు. గోడలకూ కొబ్బరి చెట్లకూ కొడితే ఏం లాభమో నాకు అర్థం కాలేదు గానీ, జనానికి అది ధైర్యమిచ్చింది. చెత్త తీసే గ్రీన్ అంబాసిడర్లు ఒక్క రోజు కూడా మానలేదు. వాళ్ల జీతాలు మాత్రం నెలలు ఆలస్యంగా వచ్చాయి, అదీ అడగ్గా అడగ్గా. పంచాయతీ చేసిన మంచి పని ఇంకోటి ఉంది, దాన్ని ఎవరూ గుర్తించలేదు. మాకు ధవళేశ్వరం నుంచి వచ్చే కాలువ నీళ్లే తాగునీళ్లు. వేసవిలో కాలువలు కట్టేస్తారు కాబట్టి ఆలోపే మంచినీళ్ల చెరువు నింపుకోవాలి. లాక్‌డౌన్‌లో కూలీలు దొరక్కపోయినా కార్యదర్శి, ఇంజనీరింగ్ అసిస్టెంట్ కలిసి తూము దగ్గర గుర్రపుడెక్క తీయించి చెరువు నింపించారు. ఆ ఒక్క పని జరగకపోతే మే నెలలో ఊరంతా ట్యాంకర్ చుట్టూ మూగేది. ముగ్గు గడులు ఎవడు చూస్తాడు అప్పుడు?

2020 ఆగస్టు వచ్చేసరికి కేసులు ఊళ్లోకి వచ్చేశాయి. శాంపిళ్లు కాకినాడ వెళ్లేవి, ఫలితం ఎప్పుడొస్తుందో చెప్పలేకపోయేవారు. సరిగ్గా అప్పుడే గోదావరి పోటెత్తింది. ధవళేశ్వరం దగ్గర 17.75 అడుగులు దాటితే మూడో ప్రమాద హెచ్చరిక. ఆగస్టు మూడో వారంలో అదీ ఇచ్చారు, బ్యారేజీ నుంచి 20 లక్షల క్యూసెక్కులకు పైగా నీళ్లు వదిలారు. ఏటి మధ్యనున్న మా లంకలోని వాళ్లను గట్టు ఇవతలికి తేవాలి. మామూలుగా అయితే బడిలోకి తోలేసి పెద్ద డేగిసాల్లో అన్నం వండి వడ్డిస్తారు. ఆ బడి అంతకుముందు క్వారంటైన్‌కు వాడిన బడి. మేం అక్కడికి రాము అన్నారు లంకవాళ్లు. మునిగినా ఇంట్లోనే ఉంటాం అన్నారు.

మా సిబ్బంది ఇక్కడ నిజంగా బుర్ర వాడారు. వాలంటీర్ల దగ్గరున్న ఇళ్ల జాబితా ముందేసుకుని ముందు గర్భిణులను, డయాలసిస్‌కు వెళ్లేవాళ్లను, మంచం మీదున్న ముసలివాళ్లను విడదీశారు. వాళ్లను పడవల్లో మొదట తెచ్చారు. ఊళ్లో చుట్టాలున్న కుటుంబాలను చుట్టాల ఇళ్లకే పంపి, బియ్యం, పప్పు, నూనె అక్కడికే చేర్చారు. ఎవరూ లేనివాళ్లను మాత్రమే బడిలో గదికి ఒక కుటుంబం చొప్పున పెట్టారు. వంట ఒకచోట వండి పొట్లాలు కట్టి పంచారు. ఇవేవీ ఎక్కడా రాసిన పద్ధతులు కావు, ఆ రాత్రికి ఆ రాత్రి కుదుర్చుకున్నవి. ఊరిని ఎరిగిన మనుషులకు కాస్త స్వేచ్ఛ ఇస్తే ఎలా ఉంటుందో ఆ వారం చూశాను.

రెండో విడత వేరు. 2021 మే 5 నుంచి మధ్యాహ్నం 12 దాటితే కర్ఫ్యూ. జూన్‌లో మిగతా జిల్లాలకు సడలించినా అప్పటి మా తూర్పుగోదావరికి మధ్యాహ్నం 2 వరకే వదిలారు, కేసులు అంత ఉన్నాయి మరి. సిబ్బందిలోనే సగం మంది జ్వరాలతో పడుకున్నారు, కౌంటర్ మీద తాళం కనిపించిన రోజులున్నాయి. దానికి నేను మార్కులు తగ్గించను. ఆక్సిజన్ పడక కోసం ఊళ్లో ఆఫీసు చేయగలిగిందేమీ లేదు, 104కి ఫోన్ చేసి ఇవ్వడం తప్ప.

టీకా మాత్రం చెప్పుకోవాలి. కోవిన్‌లో స్లాట్ బుక్ చేసుకోవాలంటే మా ముసలివాళ్లలో ఎంతమందికి వస్తుంది? పైగా ఓటీపీ కువైట్‌లో ఉన్న కొడుకు నంబరుకు పోతుంది. ఆశా కార్యకర్త, ఏఎన్ఎం కలిసి వయసులవారీగా కాగితం మీద జాబితా రాసి, ఇంటికి చీటీ ఇచ్చి, ఆ పూట ఎన్ని డోసులున్నాయో అంతమందినే పిలిచారు. కంప్యూటర్‌లోకి ఎక్కించే పని వాళ్లే చూసుకున్నారు. ఒకరోజు ఏఎన్ఎం గారు టీకాల పెట్టె ఒళ్లో పెట్టుకుని పడవలో లంకకు వెళ్లారు. మొదట్లో టోకెన్లలో తెలిసినవాళ్లకు ముందు పిలుపు వచ్చిందన్న గొణుగుడు ఉంది. నేను చూసినంతలో అది కొంత నిజమే.

పని ఆగిపోయిన చోటు కూడా చెప్పాలి. మా వీధిలో ఒక పెద్దాయన ఆ మే నెలలో ఇంట్లోనే పోయారు. పరీక్ష చేయించలేదు, ఆ వారం చేయించుకునే వీలూ లేదు. మరణ ధ్రువపత్రం పంచాయతీ కార్యదర్శి త్వరగానే ఇచ్చారు, అది ఆయన చేతిలో పని. ఆ ఏడాది చివర్లో కొవిడ్ మృతుల కుటుంబాలకు 50,000 పరిహారం వచ్చినప్పుడు అది కొవిడ్ మరణమని రుజువు కావాలన్నారు. పాజిటివ్ రిపోర్టో, డాక్టర్ కాగితమో ఉండాలి, లేకపోతే జిల్లా కమిటీకి దరఖాస్తు పెట్టుకోవాలి. ఏఎన్ఎంకు తెలుసు, వాలంటీర్‌కు తెలుసు, పాడె మోయడానికి నలుగురు దొరకని ఆ పూట ఊరందరికీ తెలుసు. కానీ ఊరికి తెలిసినది కాగితం కాదు. ఆ కుటుంబం తిరిగి తిరిగి చివరికి మానేసింది.

తర్వాత ఏం మిగిలిందంటే, వేలిముద్ర మిగిలింది. పింఛనుకు, రేషన్‌కు, పంట నమోదు చేసే ఈ-క్రాప్‌కు, ఈకేవైసీ అని పేరు పెట్టి అన్నింటికీ. బియ్యం ఇంటింటికీ తిప్పే వాహనాలు 2021లో వచ్చాయి, 2025 జూన్ నుంచి తీసేశారు, మళ్లీ డిపోకే వెళ్తున్నాం. వాలంటీర్లు 2024 తర్వాత లేరు. వాళ్లు ఉండాలా వద్దా అనే రాజకీయం నాకొద్దు. పింఛను 4,000 అయింది, సచివాలయం సిబ్బందే ఇంటికి తెచ్చి ఇస్తున్నారు, అది ఆగలేదు, సంతోషం. కానీ లంకలో ఏ ఇంట్లో ఎవరు మంచాన ఉన్నారో చెప్పే మనిషి ఇప్పుడు ఆఫీసులో లేరు. బదిలీల్లో పాత కార్యదర్శి కూడా వెళ్లిపోయారు. ఆ వరద రాత్రి కుదుర్చుకున్న పద్ధతిని ఎవరూ రాసి పెట్టలేదు. 2022 జులైలో అంతకంటే పెద్ద వరద వచ్చినప్పుడే సగం మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టారు. 2025 జనవరిలో మొదలైన మన మిత్ర వాట్సాప్ సేవలతో కొన్ని పత్రాలకు ఆఫీసుకు వెళ్లే పని తప్పింది. మా పిల్లలకు అది బాగుంది, అమ్మకు దానితో పనే లేదు.

కొత్తగా వెళ్లేవాళ్లకు నాకు తెలిసినంత చెబుతాను. నెల మొదటి రోజు సిబ్బంది పింఛన్ల పంపకంలో ఉంటారు, వేరే పని మీద ఆ రోజు వెళ్లకండి. దరఖాస్తు పెట్టగానే రసీదు నంబరు అడిగి తీసుకోండి, నంబరు లేని దరఖాస్తుకు దిక్కు ఉండదు. ముసలివాళ్ల ఆధార్‌కు ఊళ్లో ఉండే మనిషి ఫోన్ నంబరే కలిపించండి. వేళ్లు అరిగినవాళ్లు ఉంటే యంత్రంతో గంటలు కుస్తీ పట్టొద్దు, ముఖం స్కాన్ చేసే వీలుందా అని ముందే అడగండి. మా అమ్మకు ఇప్పుడు అలాగే అవుతోంది, వెలుతురు ఉంటేనే లెండి. అందుకని పొద్దున్నే అరుగు మీద కుర్చీ వేసుకుని కూర్చుంటుంది.