హావ్‌లాక్‌లో దిగాలా, నీల్‌లోనా?

అండమాన్‌లోని ఈ రెండు దీవులకి 2018లో స్వరాజ్, షహీద్ ద్వీపాలని పేర్లు మార్చినా, పడవలు ఆగే జెట్టీలో ఇంకా హావ్‌లాక్, నీల్ అనే అంటున్నారు. మేమిద్దరం బ్యాగులు భుజాన వేసుకుని మొదటి దాంట్లో 3 రాత్రులు, రెండో దాంట్లో ఒక్కటి ఉన్నాం. తిరగేసి ఉండాల్సింది.

హావ్‌లాక్‌లో చవకని 5వ నంబరు బీచ్ పక్కన గది తీసుకున్నాం. పొద్దున్నే ఈతకి వెళ్తే ఆటుకి నీళ్లు వెనక్కి తగ్గి సముద్రం ఎక్కడో ఉంది. మోకాలి లోతు నీళ్లు, అడుగున పగడపు రాళ్లు. మా ఆవిడ అరికాలు కోసుకుంది. రాత్రి కరెంటు లేదు, దోమతెరకి చిల్లు. రాధానగర్ బీచ్ అద్భుతమే, కానీ ద్వీపానికి అటు చివర. నీళ్లలో మునిగి చూసే స్కూబాకైతే హావ్‌లాకే.

నీల్ చిన్నది, సైకిల్ మీద ఒక్కరోజులో చుట్టేశాం. విచిత్రంగా అదే ఆటు ఇక్కడ కలిసొచ్చింది: నీళ్లు తగ్గితేనే లక్ష్మణ్‌పూర్ బీచ్‌లోని సహజ రాతి వంతెన కిందికి నడవగలం.