‘టచ్ వుడ్’ అనాలా, ‘ఫింగర్స్ క్రాస్‌డ్’ అనాలా?

ఇప్పటికే ఉన్న మంచి చెడిపోకూడదని కోరుకుంటూ, చెక్కను తాకి అనే ఇంగ్లీషు మాట ‘టచ్ వుడ్’. ఇంకా రాని మంచి రావాలని ఆశిస్తూ, రెండు వేళ్లు మెలివేసి అనేది ‘ఫింగర్స్ క్రాస్‌డ్’. ఈ తేడాను గమనించకుండా ఒకదాని చోట మరొకటి వాడితే మాట అతకదు.

‘టచ్ వుడ్’ పుట్టుకపై భిన్నాభిప్రాయాలున్నాయి. చెట్లలో దేవతలుంటారన్న ప్రాచీన విశ్వాసమే దానికి మూలమని చాలామంది చెబుతారు గాని, అందుకు గట్టి ఆధారం లేదు; 19వ శతాబ్దపు బ్రిటన్‌లో, చెక్కను ముట్టుకున్నవారిని పట్టుకోరాదన్న నియమంతో పిల్లలు ఆడుకున్న ‘టిగ్గీ టచ్‌వుడ్’ నుంచి వచ్చిందన్న జానపద పరిశోధకుడు స్టీవ్ రౌడ్ వాదనే నాకు నమ్మదగినదిగా తోస్తుంది. అమెరికన్లు దీనినే ‘నాక్ ఆన్ వుడ్’ అంటారు. వేళ్లు మెలివేయడాన్ని క్రైస్తవుల శిలువ గుర్తుతో ముడిపెడతారు.

శ్రమ చూస్తే, మొదటిదానికి చెక్క దగ్గరుండాలి. రెండవదానికి చూపుడువేలు, మధ్యవేలు చాలు.

ప్రమాదం మాత్రం రెండవదానిలోనే ఎక్కువ: వేళ్లను వీపు వెనుక మెలివేస్తే అబద్ధమాడుతున్నట్లు అర్థం, వియత్నాంలోనైతే ఆ సంజ్ఞే అసభ్యం.

బిడ్డ ఆరోగ్యంగా ఉందని చెబుతూ, దిష్టి తగలకూడదని మనం అనుకునే సందర్భానికి ‘టచ్ వుడ్’ తగినది. పరీక్షా ఫలితం కోసమో, వీసా కోసమో ఎదురుచూస్తున్నప్పుడు ‘ఫింగర్స్ క్రాస్‌డ్’ అనాలి.