ఉమ్మడి దారికి సిమెంటు కాంక్రీటు (సిసి) వేయించాలా, పేవర్ బ్లాకులు పరిపించాలా? పక్కింటితో మాటల్లేనప్పుడు ఏది మేలు?

మాది గుంటూరులో కొరిటెపాడు వైపు. రెండిళ్ల మధ్య 10 అడుగుల ఉమ్మడి దారి, పొడవు 60 అడుగులు. ఎప్పుడో మా నాన్నగారి హయాంలో వేసిన సిమెంటు పెచ్చులు లేచిపోయి, వానొస్తే గుంటలో ఇటుక ముక్కలు వేసుకుని వాటి మీద కాలు పెట్టి దాటాల్సి వస్తోంది. పక్కింటి మాస్టారికీ మాకూ రెండేళ్లుగా మాటల్లేవు. మునగచెట్టు కొమ్మ దగ్గర మొదలైంది, అది వేరే కథ.

ఆయన డబ్బివ్వనన్నాడు, సరే, మనమే పెట్టుకుందాం అనుకున్నా. మరి ఏం వేయించాలి?

మేస్త్రీలెవరినడిగినా ముందు సిసి అనే అంటారు. నాలుగంగుళాల మందం, ఎం20 రకం, అంటే సిమెంటు, ఇసుక, కంకర 1:1.5:3 పాళ్లు. మా 600 చదరపు అడుగులకి సుమారు 45 బస్తాల సిమెంటు లెక్క తేలింది. గట్టిగా ఉంటుంది, కడుక్కోవచ్చు, కలుపు మొలవదు. కాకపోతే మన గుంటూరు నేల చాలాచోట్ల నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. ఆ మట్టిని తవ్వి తీసేసి, గ్రావెల్ పోసి, నీళ్లు కొట్టి దిమ్మిస కొట్టించకుండా పైన ఎంత మంచి సిమెంటు పోసినా పగుళ్లు తప్పవు. పగులు అడ్డదిడ్డంగా పాకకుండా 10, 12 అడుగులకొక జాయింటు (గాడి) కోయించడం కూడా చాలామంది మేస్త్రీలు ఎగ్గొడతారు, దగ్గరుండి అడగాలి.

అసలు టెన్షన్ అది కాదు. సిసికి కనీసం 7 రోజులు తడుపుతూ ఉండాలి, ఆ వారం పైన కారు ఎక్కనివ్వకూడదు. మాటల్లేని మనిషి కారుని వారం రోజులు ఎవరు ఆపుతారండీ? పైగా మా రెండిళ్ల డ్రైనేజీ పైపూ ఆ దారి కిందే. రేపు అది జామ్ అయితే సమ్మెట తెచ్చి కొత్త సిమెంటు పగలగొట్టాలి, మళ్లీ ఆ ఖర్చు ఎవరిదని ఇంకో గొడవ.

బ్లాకులైతే అలా కాదు. ఇసుక పరుపు మీద పేర్చి, సందుల్లో ఇసుక నింపి, మెషీన్‌తో బిగిస్తారు, ఆ సాయంత్రమే బండి తిరగొచ్చు. పైపు బాగుచేయాలంటే పది బ్లాకులు లేపి, పనయ్యాక అవే పెట్టుకోవచ్చు. కార్ల వరకే అయితే 60 ఎంఎం మందం చాలు, వాటర్ ట్యాంకరు లోపలికి వస్తుందంటే 80 తీసుకోండి. లోపాలు లేవని కాదు. సందుల్లో గడ్డి మొలుస్తుంది, చీమలు ఇసుక తోడేస్తాయి, కింద సరిగ్గా దిమ్మిస పడకపోతే చక్రాలు నడిచే చోట కుంగుతుంది. నా ఓటు మాత్రం దీనికే. తగువులో ఉన్న దారి మీద, మళ్లీ లేపుకోగలిగేదే వేయాలి.

‘నా సగం నేను వేసుకుంటా’ అనేది మాత్రం వద్దు. బ్లాకులు జరగకుండా అంచుకి సిమెంటు కట్టు కట్టాలి కదా, ఆ కట్టు దారి మధ్యలో వస్తే అవతలివాళ్లకి అది సరిహద్దు గోడలాగే కనిపిస్తుంది. ఇవేవీ వద్దని క్రషర్ డస్టు (కంకర మిల్లు రాతిపొడి) పోయిస్తే ఒక ఎండాకాలం గడుస్తుంది, అంతే.

పని మొదలెట్టే ముందు దస్తావేజు తీసి చూడండి. స్థలం అవతలివాళ్లదై మీకు నడిచే హక్కు మాత్రమే ఉంటే, 1882 నాటి ఈజ్‌మెంట్ చట్టం ప్రకారం బాగుచేయించుకునే హక్కు మీదే, ఖర్చూ మీదే. స్థలం ఇద్దరిదీ అయితే ఇద్దరి సంతకాలతో ఒక కాగితం రాసుకోవడం నయం. కోర్టులో కేసు వేస్తే ఎన్నేళ్లో! అంతకంటే లోక్ అదాలత్ మేలు. ఫీజు లేదు, అక్కడ కుదిరిన రాజీ కోర్టు డిక్రీతో సమానం, అప్పీలు ఉండదు. కానీ ఇద్దరూ ఒప్పుకుంటేనే.

మాకు అంతదాకా రాలేదు. మేస్త్రీ కొలతలకి వచ్చినరోజు మాస్టారు గేటు దగ్గరే నిలబడి, నా వైపు చూడకుండా మేస్త్రీతో అన్నాడు, “ఏమయ్యా, పాతదాని మీదే నాలుగంగుళాలు లేపితే వాన నీళ్లన్నీ మా వరండాలోకి రావూ?” నిజమే. ఆయన గేటు మా గేటు కంటే పల్లంలో ఉంది. రెండేళ్లుగా ఆయన డబ్బుకి ఏడుస్తున్నాడనుకున్నా, ఆయన బాధ మట్టం గురించి అని నాకు తట్టనే లేదు.

పాత సిమెంటంతా తీయించి, అదే మట్టానికి, రోడ్డు కాలవ వైపు వాలు పెట్టి బ్లాకులు వేయిస్తున్నాం. నీళ్ల ట్యూబుతో లెవెల్ చూసేటప్పుడు రెండో కొస ఆయనే పట్టుకున్నాడు. డబ్బు సంగతి ఇంకా ఎత్తలేదు, నేనూ అడగలేదు.