స్వాష్ ప్లేట్ పంప్ సిమ్యులేషన్: రెడీమేడ్ బ్లాక్, తొమ్మిది పిస్టన్ల మోడల్ రెండూ వాడి చూశాక

స్వాష్ ప్లేట్ అంటే పిస్టన్లను ముందుకూ వెనక్కూ నడిపే వాలు ప్లేట్, దాని కోణం మారిస్తే పంప్ ఇచ్చే ఆయిల్ పరిమాణం (డిస్‌ప్లేస్‌మెంట్) మారుతుంది. ఇలాంటి వేరియబుల్ డిస్‌ప్లేస్‌మెంట్ పిస్టన్ పంప్‌ను సిమ్యులేషన్‌లో పెట్టడానికి దారులు రెండు. లైబ్రరీలో దొరికే పంప్ బ్లాక్ ఒకటి. ఒక్కో పిస్టన్ గదికి విడిగా ప్రెషర్ సమీకరణం రాసి మోడల్ కట్టుకోవడం రెండోది. చాలాకాలంగా రెండూ వాడుతున్నాను. నా ఓటు రెండోదానికే, కానీ దాన్ని కట్టేటప్పుడు చూసుకోవాల్సినవి చాలా ఉన్నాయి.

రెడీమేడ్ బ్లాక్‌కు డిస్‌ప్లేస్‌మెంట్, వేగం, ఎఫిషియెన్సీ పట్టిక ఇస్తే చాలు. యంత్రం మొత్తానికి ఎంత పవర్ కావాలి, ఆయిల్ ఎంత వేడెక్కుతుంది అనే లెక్కలకు అంతకన్నా అక్కర్లేదు, రన్ కూడా చకచకా అయిపోతుంది. పంప్ ఎందుకు అరుస్తోంది, ప్రెషర్‌ను బట్టి ప్లేట్ కోణాన్ని సర్దే కాంపెన్సేటర్ ఎందుకు ఊగుతోంది అంటే మాత్రం దాని దగ్గర జవాబు లేదు.

పిస్టన్ల మోడల్‌కు ఒక కొలత తీసుకుందాం: 9 పిస్టన్లు, వ్యాసం 20 మి.మీ., పిస్టన్లు అమరే వలయం (పిచ్ సర్కిల్) వ్యాసం 80 మి.మీ., ప్లేట్ కోణం 18 డిగ్రీలు. రెవల్యూషన్‌కు సుమారు 73.5 సీసీ వస్తుంది, 1500 ఆర్‌పీఎం దగ్గర నిమిషానికి 110 లీటర్లు. పిస్టన్ కదలికను మాత్రమే లెక్కేస్తే ఫ్లో రిపుల్ (ప్రవాహంలో హెచ్చుతగ్గులు) 1.53 శాతం, దాని ఫ్రీక్వెన్సీ 450 హెర్ట్జ్. అసలు పంప్ దగ్గర సెన్సర్ పెడితే రిపుల్ అంతకన్నా ఎక్కువ ఉంటుంది, 225 హెర్ట్జ్ (సెకనుకు 25 తిరుగుళ్లు × 9 పిస్టన్లు) గట్టిగా కనిపిస్తుంది. తక్కువ ప్రెషర్‌లో ఉన్న గది డెలివరీ పోర్ట్‌కు తెరుచుకోగానే ఆయిల్ వెనక్కి లోపలికి దూకుతుంది కాబట్టి. ఆయిల్ నొక్కుకుపోవడం మోడల్‌లో లేకపోతే ఇది రాదు.

ఎక్కువమంది తప్పేది డెడ్ వాల్యూమ్ దగ్గర, అంటే పిస్టన్ లోపలి చివరికి చేరాక కూడా గదిలో మిగిలే ఖాళీ దగ్గర. బోలు పిస్టన్ లోపలి ఖాళీని, సిలిండర్ బ్లాక్‌లోని పోర్ట్ ఖాళీని కలపరు. కలిపినా దాన్ని స్థిర సంఖ్యగా ఉంచేస్తారు. ప్లేట్ తన మధ్య అక్షం చుట్టూ వాలే పంప్‌లో కోణం తగ్గేకొద్దీ పిస్టన్ పూర్తిగా లోపలికి వెళ్లదు, కాబట్టి మిగిలే ఖాళీ పెరుగుతుంది. పై పంప్‌లో పూర్తి కోణం దగ్గర డెడ్ వాల్యూమ్ 5 సీసీ, బల్క్ మాడ్యులస్ (నొక్కుడుకు ఆయిల్ ఎంత ఎదురు నిలుస్తుందో చెప్పే కొలత) 15,000 బార్ అనుకుంటే, గదిని 200 బార్‌కు ఎక్కించడానికి బాటమ్ డెడ్ సెంటర్ (పిస్టన్ పూర్తిగా బయటికి వచ్చిన స్థానం) దాటాక 17 డిగ్రీల తిరుగుడు కావాలి. అదే 9 డిగ్రీల ప్లేట్ కోణం దగ్గర 22 డిగ్రీలు కావాలి. డెడ్ వాల్యూమ్‌ను 5 సీసీ దగ్గరే కట్టేస్తే మోడల్ 20 అని చెబుతుంది. గదిని పోర్ట్‌కు మెల్లగా తెరిచే వాల్వ్ ప్లేట్ గాడి కొలతను ఆ 20 చూసి తేల్చారంటే, సగం కోణం దగ్గర చప్పుడు తగ్గలేదేమని తల పట్టుకోవాల్సిందే.

బల్క్ మాడ్యులస్‌నూ ఒకే సంఖ్యగా ఇవ్వకండి. ఆయిల్‌లో వాతావరణ పీడనం దగ్గర 1 శాతం గాలి బుడగలు ఉంటే, 10 బార్ దగ్గర 15,000 కాస్తా దాదాపు 6,000కు పడిపోతుంది. 200 బార్ దగ్గర ఆ గాలి ప్రభావం ఉండీ లేనట్టే. స్థిర విలువ పెడితే సక్షన్ వైపు ప్రెషర్ సున్నా కిందికి పోయినా మోడల్ నోరు మెదపదు.

సాల్వర్ (సమీకరణాలను లెక్కగట్టే భాగం) మొండికేస్తే ముందు ఆరిఫిస్ (సన్నని రంధ్రం) సమీకరణం చూడండి. ప్రెషర్ తేడా సున్నాకు చేరినప్పుడు ఆ సమీకరణంలోని వర్గమూలం వాలు అనంతమైపోతుంది. అక్కడ చిన్న లామినార్ భాగం (ఫ్లో ప్రెషర్ తేడాకు నేరుగా అనుపాతంలో ఉండేది) కలిపితే రన్ సాఫీగా నడుస్తుంది. 1500 ఆర్‌పీఎం దగ్గర 1 డిగ్రీ అంటే 0.11 మిల్లీసెకను. గాడి తెరుచుకునేది కొన్ని డిగ్రీల్లోనే కాబట్టి గరిష్ఠ స్టెప్ 10 మైక్రోసెకన్లు దాటనివ్వను. స్టిఫ్ సాల్వర్ (చాలా వేగంగా, నెమ్మదిగా మారేవి కలిసిన సమీకరణాలకు పనికొచ్చేది) తప్పనిసరి.

డెలివరీ చివర స్థిర ప్రెషర్ సోర్స్ తగిలిస్తే ప్రెషర్ రిపుల్ మాయమవుతుంది. పైపు వాల్యూమ్, దాని తర్వాత లోడ్ ఆరిఫిస్ పెట్టాలి. ఆయిల్‌లో ధ్వని వేగం సెకనుకు 1300 మీటర్లనుకుంటే 225 హెర్ట్జ్ తరంగం పొడవు 5.8 మీటర్లు. పైపు మీటరు దాటితే ఒకే వాల్యూమ్‌గా చూపడం చెల్లదు, తరంగాన్ని లెక్కించే పైపు మోడల్ కావాలి.

ఈ మోడల్‌లో నాకు బాగా నచ్చేది ప్లేట్ మీద పడే మొమెంట్. ప్రెషర్‌లో ఉండే పిస్టన్లు ఒకసారి నాలుగు, ఒకసారి ఐదు అవుతుంటే ఆ మొమెంట్ ప్రతి 40 డిగ్రీలకూ ఊగుతుంది. ప్లేట్‌ను వాల్చే కంట్రోల్ పిస్టన్ వ్యాసం, స్ప్రింగ్ బలం దీన్ని చూసే తేల్చుకోవాలి. కాంపెన్సేటర్‌ను పరీక్షించేటప్పుడు లోడ్ వాల్వ్‌ను ఒక్కసారిగా మూసి చూడండి, తర్వాత పైపు వాల్యూమ్ సగానికి తగ్గించి మళ్లీ చూడండి. పెద్ద వాల్యూమ్‌తో నిలకడగా ఉన్న కంట్రోల్, చిన్నదానితో ఊగడం మొదలుపెట్టవచ్చు.

లీకేజీ విషయంలో మోడల్ చెప్పే అంకెను గుడ్డిగా నమ్మను. పిస్టన్, బోర్ మధ్య సందు రెట్టింపైతే లీకేజీ 8 రెట్లు అవుతుంది. పిస్టన్ పూర్తిగా ఒక పక్కకు ఒరిగితే 2.5 రెట్లు. డ్రాయింగ్ టాలరెన్స్‌లోనే ఇంత తేడా ఇమిడిపోతుంది. అందుకే స్లిప్పర్ (ప్లేట్ మీద జారే పిస్టన్ పాదం), వాల్వ్ ప్లేట్ దగ్గరి ఆయిల్ ఫిల్మ్ మందాలను ఊహించడం మానేసి, టెస్ట్ బెంచ్ మీద మూడు నాలుగు ప్రెషర్ల దగ్గర కేస్ డ్రెయిన్ ఫ్లో (లీకై పంప్ కేస్‌లోంచి బయటికి పోయే ఆయిల్) కొలిచి వాటికి సరిపెడతాను. ఆయిల్ ఉష్ణోగ్రతను కూడా పక్కనే రాసుకోవాలి, లేకపోతే స్నిగ్ధత మారి ఆ కొలతలు దేనికీ కొరగావు.