బుగ్గవంక గట్టుకు ఏది మేలు: జేసీబీయా, మియావాకీ వనమా, గడ్డపారా?

కడప నగరంలో బుగ్గవంక గట్ల మీద మళ్లీ మన నేలకు చెందిన చెట్లు పెరగాలని కోరుకునే వారి ముందు మూడు దారులు ఉన్నాయి. సర్కారు తుమ్మ కమ్ముకున్న గట్టును జేసీబీతో ఒకేసారి శుభ్రం చేయించి, వానాకాలంలో పెద్ద ఎత్తున మొక్కలు నాటడం ఒకటి. చిన్న జాగా ఎంచుకుని మియావాకీ పద్ధతిలో దట్టమైన వనం పెంచడం రెండోది. అక్కడక్కడా మిగిలిన కానుగ, ఈత, వావిలి చుట్టూ చేతి పనిముట్లతో కంప తీస్తూ, ఏడాదికి కొంత చొప్పున ముందుకు సాగడం మూడోది. ఆదివారం ఉదయం పూట స్వచ్ఛందంగా వచ్చి పనిచేసే బృందానికి, అందులోనూ వంక వాలు మీద, మూడో దారే మేలని నా అభిప్రాయం. మిగతా రెండూ పనికిరానివి కావు గానీ, అవి పనికొచ్చే చోట్లు వేరు.

పాలకొండల వైపు నుంచి వచ్చి, నగరం మధ్యగా సాగి పెన్నలో కలిసే ఈ వంకలో ఏడాదిలో చాలా నెలలు మురుగునీరే కనిపిస్తుంది. దాని అసలు బలం తుపాను వానలు పడినప్పుడే తెలుస్తుంది. 2020 నవంబరులో నివర్ తుపాను వచ్చినప్పుడు ఎగువనున్న జలాశయం నుంచి నీరు వదలడంతో వంక పొంగి నగరంలోని అనేక కాలనీలు మునిగాయి. ఆ వరదను మనసులో పెట్టుకోకుండా ఈ ఒడ్డున ఏ మొక్కా నాటకూడదు. నీరు పారే అడుగు భాగంలో చెట్లు అసలే వద్దు. అక్కడ పెరిగిన కంపకు ప్లాస్టిక్ సంచులు, పాత బట్టలు, కొట్టుకొచ్చిన కొమ్మలు చిక్కుకుని, వంతెనల దగ్గర నీటికి అడ్డుకట్ట అవుతాయి. రక్షణ గోడలు కట్టిన చోట వాలు అనేదే మిగలలేదు. కాబట్టి ఇక్కడి పోలికంతా మట్టి వాలు ఇంకా మిగిలి ఉన్న భాగాల గురించే.

సర్కారు తుమ్మ మన దేశానికి వచ్చిన చరిత్ర కడప జిల్లాతోనే ముడిపడి ఉంది. అమెరికా ఖండాలకు చెందిన ఈ చెట్టు విత్తనాలను 1870లలో మద్రాసు ప్రెసిడెన్సీ అటవీ సంరక్షణాధికారి బెడ్డోమ్ కోరి తెప్పించగా, తొలిసారి నాటిన చోట్లలో మన కమలాపురం ఒకటి. ఈ చెట్టు పేదల పొయ్యికి కట్టె ఇచ్చింది, బొగ్గు బట్టీల మీద ఎన్నో కుటుంబాలను బతికించింది, ఆ మేలును కాదనలేము. అయితే దాని స్వభావం తెలియకుండా దానితో తలపడితే మన శ్రమ వృథా అవుతుంది. తియ్యగా ఉండే దాని కాయలను మేకలు, గొర్రెలు, ఆవులు ఇష్టంగా తింటాయి, గింజలు అరగకుండా పేడలో, పెంటికల్లో బయటపడి అక్కడే మొలుస్తాయి. నేలలో పడిన గింజలు ఏళ్ల తరబడి చావకుండా ఉండగలవు. మొదలు నేల మట్టానికి నరికితే చెట్టు చావదు. వాన పడిన కొన్ని వారాలకే ఆ మోడు చుట్టూ గుత్తిగా చిగుళ్లు లేచి, ఒక్క మాను ఉన్న చోట ముళ్ల పొద తయారవుతుంది.

జేసీబీకి అనుకూలంగా చెప్పదగినది దాని వేగం. బృందం నెలల తరబడి చేసే పనిని అది ఒక్క రోజులో చేస్తుంది, మోడును వేరుతో సహా పెకలిస్తుంది, చేతులకు ముళ్లు గుచ్చుకోవు. కానీ ఆ ఒక్క రోజు తర్వాత గట్టు మీద మిగిలేది వదులైన ఎర్రమట్టి మాత్రమే. కంపతో పాటు గరిక, దర్భ, తంగేడు, పరికి, ఈత పిలకలు, కానుగ మొలకలు కూడా బకెట్‌లోకి వెళ్లిపోతాయి. లోపల దాగిన సర్కారు తుమ్మ గింజలు పైకి వచ్చి, ఎండ తగిలిన నేలలో, పోటీ లేని చోట, మొదటి వానకే దట్టంగా మొలుస్తాయి. వాటి పక్కనే వయ్యారిభామ వస్తుంది. నచ్చినా నచ్చకపోయినా అప్పటివరకు ఆ వాలును పట్టి ఉంచినవి ఆ కంప వేర్లే. కాబట్టి జూలైలో నాటిన మొక్కలు వేరు దించుకునే లోపే అక్టోబరు, నవంబరు వరదలు వచ్చి మట్టిని మొక్కలతో సహా కోసుకుపోయే ప్రమాదం ఉంది. వంతెనల కింద, నీటి దారిలో పెరిగిన కంపను వేసవిలో, సంబంధిత శాఖ ఇంజనీర్ల పర్యవేక్షణలో యంత్రంతో తీయించడం మాత్రం అవసరమే. అది ప్రభుత్వం చేయవలసిన పని. చేయమని గట్టిగా అడగడం మన పని.

మియావాకీ పద్ధతి గురించి కొంచెం సూటిగానే చెప్పాలి. జపాన్ వృక్ష శాస్త్రవేత్త అకిరా మియావాకీ రూపొందించిన ఈ విధానంలో నేలను లోతుగా తవ్వి, ఎరువు కలిపి, చదరపు మీటరుకు మూడు నుంచి ఐదు మొక్కలు నాటి, రెండు మూడేళ్ల పాటు నీరు పోస్తారు. వంద చదరపు మీటర్ల జాగాకే 300 నుంచి 500 మొక్కలు కావాలి. ఐదు వందల మొక్కలకు పది లీటర్ల చొప్పున పోసినా ఒక తడికి ఐదు వేల లీటర్లు, అంటే ఒక ట్యాంకరు. వేసవిలో తాగునీటికే ట్యాంకర్ల కోసం ఎదురుచూసే వీధుల పక్కన, ఏప్రిల్, మే నెలల ఎండలో, వారానికి రెండు ట్యాంకర్లు ఎవరు తెస్తారు? వాలు మీద మీటరు లోతు తవ్వడమంటే గట్టును మనమే వదులు చేయడం. పైగా కడప చుట్టూ సహజంగా పెరిగేది దట్టమైన అడవి కాదు, పొదలూ గడ్డీ అక్కడక్కడా చెట్లూ ఉన్న పలుచని అడవి. వంకల ఒడ్డునే నీడ చిక్కబడుతుంది. పాఠశాల ఆవరణలోనో, నగరపాలక సంస్థ ఉద్యానవనంలోనో, నీటి కుళాయి దగ్గరగా ఉన్న చోట మియావాకీ వనం ఎంతో చక్కగా వస్తుంది. దాన్ని వంక గట్టుకు మాత్రం తీసుకురావద్దు.

మూడో దారికి మంచి మూలపాఠం సిడ్నీలో దొరుకుతుంది. అక్కడి జోన్ బ్రాడ్లీ, ఐలీన్ బ్రాడ్లీ అనే అక్కచెల్లెళ్లు 1960లలో తమ ఇంటి దగ్గరి అడవిలో కలుపు తీస్తూ ఒక పద్ధతిని నిలబెట్టారు: బాగున్న చోట మొదలుపెట్టి పాడైన చోటు వైపు సాగాలి, నేలను వీలైనంత తక్కువగా కదిలించాలి, స్థానిక మొక్కలు ఖాళీని నింపుకునే వేగాన్ని బట్టే తర్వాతి అడుగు వేయాలి. బుగ్గవంకకు దీన్ని ఉన్నదున్నట్టుగా వర్తింపజేయలేము. చాలా చోట్ల తిరిగి మొలకెత్తడానికి తల్లిచెట్టే మిగలలేదు కాబట్టి కొంత మనం నాటక తప్పదు. కానీ మొదలుపెట్టే తీరు అదే కావాలి. కంప మధ్యన ఊపిరాడకుండా ఉన్న ఒక కానుగను ఎంచుకుని, దాని నీడ పడేంత మేర మాత్రమే తొలి ఏడాది శుభ్రం చేయాలి.

కంప తీసే పని చిన్నదిగా కనిపించినా దానికి ఒక వరుస ఉంది. ముందు కొడవలితో, మచ్చుకత్తితో పక్క కొమ్మలు కొట్టి, ముళ్లు ఒకే వైపుకు ఉండేలా పేర్చుకోవాలి. సర్కారు తుమ్మ ముల్లు రబ్బరు చెప్పును సులువుగా దాటి వస్తుంది కనుక బూట్లు లేని వారిని ఆ పనికి దించకూడదు. తర్వాత గడ్డపారతో మొదలు చుట్టూ మట్టి తవ్వితే, కాండం వేరుగా మారే చోట బొడిపె లాంటి ఉబ్బు కనిపిస్తుంది. చిగుళ్లన్నీ పుట్టేది అక్కడి నుంచే. ఆ ఉబ్బు కిందుగా, నేలకు జానెడు లోతున గొడ్డలితో వేరు తెంపితే చెట్టు తిరిగి లేవడం అరుదు. బొగ్గు కోసం కంప కొట్టుకునే వారికి అప్పగిస్తే పని తేలికవుతుందని చాలామంది అనుకుంటారు. వారికి కావలసింది కాండమే కాబట్టి మోడును నేలలోనే వదిలేస్తారు. కట్టె వారికిచ్చి, మోడు తవ్వే బాధ్యత బృందమే తీసుకుంటే ఇద్దరికీ మేలు. తవ్విన గుంతను వెంటనే పూడ్చి, పైన గరిక పెళ్లలు పరిస్తే వానకు మట్టి జారదు.

ఏం నాటాలన్నది వాలు చెబుతుంది. నీటి అంచున రెల్లు, వట్టివేరు, తుంగ. వాలు మధ్యన వావిలి, ఈత. పైన కానుగ, ఏరుమద్ది, మేడి, నేరేడు, నల్లతుమ్మ. వావిలిని కొమ్మ నాటితే చాలు, మేకలు కూడా దాన్ని పెద్దగా ముట్టవు. కానుగ కాయలు వేసవిలో నగరంలోని వీధి చెట్ల కిందే దొరుకుతాయి, వాటిని దాచిపెట్టకుండా ఆ ఏడాది తొలకరికే గట్టున విత్తాలి. వేప గింజకు మొలిచే శక్తి ఇంకా తక్కువ కాలం ఉంటుంది. నల్లతుమ్మ గింజను వేడినీటిలో నానబెట్టి నాటాలి. పై గట్టున జూలై, ఆగస్టుల్లో నాటడం మంచిది. నీటి అంచున మాత్రం వరదలు వెళ్లిపోయాక డిసెంబరులో గడ్డి పిలకలు పెడితే, వంకలోని తేమే వాటిని కాపాడుతుంది. గిజిగాడు గూడు అల్లడానికి ఈత ఆకు, రెల్లు, నీటి మీదకు వంగిన ముళ్ల కొమ్మ కావాలి. ఆ మూడూ ఒకే చోట చేరితే పిట్టను మనం పిలవనక్కర్లేదు.

నీటి లెక్క కూడా మూడో దారి వైపే మొగ్గుతుంది. ఏడాదికి నలభై మొక్కలే నాటితే, ఒక తడికి నాలుగు వందల లీటర్లు చాలు, రెండు డ్రమ్ములు ఆటోలో వేసుకొచ్చి పోయవచ్చు. అయితే ఈ పద్ధతిలో ఒక నిజమైన లోపం ఉంది. మొదటి రెండేళ్లు చూసేవారికి ఏమీ జరుగుతున్నట్టు కనిపించదు. ఒకే రోజు వెయ్యి మొక్కలు నాటిన కార్యక్రమానికి వచ్చినంత మంది దీనికి రారు, వచ్చిన వారిలోనూ కొందరు విసుగుతో మానుకుంటారు. నగరం పొడవునా ఉన్న గట్టంతా ఒక్క బృందం వల్ల కాదు, ఏ వీధి వారు ఆ వీధి వెనుక ఉన్న ముక్కను తీసుకోవాలి. పని మొదలుపెట్టే ముందు నగరపాలక సంస్థ, జలవనరుల శాఖల నుంచి రాతపూర్వక అనుమతి కూడా అవసరం. లేకపోతే మనం పెంచినదాన్ని మరో పథకం యంత్రం పెకలించుకుపోతుంది.

ఇక గొర్రెలు, మేకల కాపరులను శత్రువులుగా చూడవద్దు. వేసవిలో పచ్చిక లేనప్పుడు ఆ తియ్యటి కాయలే మందకు మేత. కాయలు రాలే నెలల్లో కొత్తగా శుభ్రం చేసిన ముక్కలో మంద నిలపవద్దని, బదులుగా తాము కొట్టిన పచ్చగడ్డి తీసుకుపొమ్మని బృందం వారితో ముందే మాట్లాడుకోవాలి. ఆ ఒప్పందం లేకుండా వేసిన ముళ్ల కంచె ఎన్నాళ్లో నిలవదు, మంద దాటిన చోటల్లా వానాకాలానికి సర్కారు తుమ్మ మొలకలు కనిపిస్తాయి. అవి రెండాకుల దశలో ఉన్నప్పుడు, నేల తడిగా ఉండగానే, చేత్తో పీకేయవచ్చు.